పాత లన్ తీసేముందు రెండో నోడ్‌ను చూడండి

స్టోరేజ్ బాక్స్ లీజు అయిపోవచ్చు, వెండర్ సపోర్ట్ గడువు దాటిపోవచ్చు, కంపెనీ తిరిగే డిస్కులు వదిలేసి ఫ్లాష్‌కి మారాలనుకోవచ్చు. కారణం ఏదైతేనేం, ఏదో ఒక రోజు మీ క్యూలో ఆ టికెట్ పడుతుంది: ఫలానా క్లస్టర్‌కున్న షేర్డ్ డిస్కులన్నీ కొత్త బాక్స్‌కి మార్చండి, సర్వీస్ మాత్రం ఆపొద్దు. లినక్స్ అడ్మిన్‌గా కొన్నేళ్లు చేసినవాళ్లకు ఇది ఎప్పుడో ఒకప్పుడు తగలక మానదు.

పని నడిమి భాగం తేలికే. కొత్త లన్ మీద పీవీక్రియేట్, తర్వాత వీజీఎక్స్‌టెండ్, ఆపైన పీవీమూవ్, చివర్లో వీజీరెడ్యూస్. నాలుగు కమాండ్లు, నాలుగూ సర్వీస్ నడుస్తున్న నోడ్ మీదే. అక్కడ ఏదైనా తేడా చేస్తే ఎర్రర్ అప్పటికప్పుడే కనబడుతుంది. భయమంతా పక్కన ఖాళీగా కూర్చున్న నోడ్‌తో. దానికి కొత్త డిస్కు కనబడుతోందా, కనబడినా వాడుకోవడానికి సిద్ధంగా ఉందా అన్నది ఫెయిలోవర్ అయ్యేదాకా ఎవరికీ తెలియదు. చేంజ్ మార్చిలో చేస్తే ఫెయిలోవర్ జూన్‌లో ఏ అర్ధరాత్రో రావచ్చు. అప్పటికి టికెట్ క్లోజ్ అయి ఉంటుంది, పాత బాక్స్ డేటా సెంటర్ గడప దాటి ఉంటుంది, ఆన్‌కాల్‌లో ఉన్న కుర్రాడికి అసలు ఈ మార్పు జరిగిందన్న సంగతే తెలిసి ఉండదు. అందుకే ఇక్కడ కాపీ గురించి కొంచెమే చెప్తాను. ఎక్కువ భాగం ఆ రెండో నోడ్ గురించే.

మాట్లాడుకోవడానికి వీలుగా ఒక మామూలు క్లస్టర్ తీసుకుందాం. రెండు నోడ్లు, రెల్ 9, పేస్‌మేకర్, ఫైబర్ ఛానల్ మీద వచ్చే లన్లు, వాటి మీద మల్టీపాత్, దాని మీద ఎల్‌వీఎం, ఆపైన ఎక్స్‌ఎఫ్‌ఎస్. వాల్యూమ్ గ్రూప్‌ను ఒక సమయంలో ఒక్క నోడే వాడుకుంటుంది. అది ఎవరి చేతిలో ఉందో సిస్టమ్ ఐడీ చెప్తుంది. పేస్‌మేకర్‌లో ఎల్‌వీఎం యాక్టివేట్ అనే రిసోర్స్ ఆ ఐడీని మార్చి గ్రూప్‌ను ఈ నోడ్ నుంచి ఆ నోడ్‌కి అప్పగిస్తుంది. మీ దగ్గరా ఇదే ఉందని అనుకోకండి, రిసోర్స్ కాన్ఫిగరేషన్ తీసి చూసుకోండి. రెండు నోడ్లూ ఒకేసారి రాసే జీఎఫ్‌ఎస్2 ఉంటే పద్ధతి వేరు, ఆరకిల్ ఏఎస్‌ఎం అయితే ఇంకా వేరు. వాటి ముచ్చట తర్వాత.

ముందు స్టోరేజ్ టీమ్‌తో పని. వాళ్ల నుంచి వచ్చే మెసేజ్ దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది: "మ్యాప్ చేశాం అన్నా, స్కాన్ చేస్కో." దాంతో సరిపెట్టుకోకండి. మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: ఒక్కో లన్‌కి డబ్ల్యూడబ్ల్యూఐడీ, దాని సైజు బైట్లలో, ఏ ఏ నోడ్లకు ఎన్ని దారుల్లో ఇచ్చారో. సైజు బైట్లలోనే ఎందుకంటే, ఒక బాక్స్‌లో 500 జీబీ అంటే వెయ్యితో లెక్క, ఇంకో బాక్స్‌లో 1024తో లెక్క. కొత్త లన్ పాతదానికంటే పిసరంత తగ్గినా పీవీమూవ్ చోటు చాలడం లేదని మొండికేయవచ్చు, అదీ అర్ధరాత్రి విండోలో. రెండువైపులా బ్లాక్‌డెవ్ కమాండ్‌కి గెట్‌సైజ్64 ఇచ్చి అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

స్కాన్‌కి ఎస్‌జీ3 యుటిల్స్ ప్యాకేజీతో వచ్చే రీస్కాన్ స్క్రిప్ట్ చాలు. రెండు నోడ్ల మీదా కొట్టండి. తర్వాత రెండు టెర్మినల్స్ పక్కపక్కన తెరిచి మల్టీపాత్ లిస్టింగ్ చూడండి. ఇక్కడ కొత్తవాళ్లు తరచుగా పొరపడతారు. మొదటి నోడ్ మీద ఎంపాత్‌డీ అని కనబడిన లన్, రెండో నోడ్ మీద ఎంపాత్‌ఎఫ్ కావచ్చు. ఆ అక్షరాలు ఏ నోడ్‌కి ఆ నోడ్ తన వరసలో ఇచ్చుకున్నవి, ఎట్సీ కింద మల్టీపాత్ డైరెక్టరీలో బైండింగ్స్ ఫైల్‌లో రాసుకున్నవి. ఇక ఎస్‌డీసీ, ఎస్‌డీడీ లాంటి పేర్లనైతే అసలే నమ్మొద్దు, రీబూట్‌కే మారిపోతాయి. నమ్మాల్సింది బ్రాకెట్లో కనబడే ఆ పొడుగాటి సంఖ్యనే. స్టోరేజ్ బాక్స్ స్క్రీన్ మీద చాలావరకు అది 6తో మొదలై 32 అక్షరాలు ఉంటుంది, లినక్స్ దాని ముందు ఒక 3 చేర్చి 33 చేస్తుంది. ఆ 3 చూసి వేరే లన్ అనుకుని స్టోరేజ్ టీమ్‌తో వాదన పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

డబ్ల్యూడబ్ల్యూఐడీలు సరిపోయాక, మల్టీపాత్ కాన్ఫ్ ఫైల్‌లో ఒక్కో లన్‌కి ఎలియాస్ పెట్టి, అదే భాగాన్ని రెండు నోడ్లలోనూ ఉంచండి. ఎలియాస్‌లో కొత్త బాక్స్ పేరు తెలిసేలా ఏదైనా గుర్తు పెడితే, రేపు పాతదాన్ని తీసేసే వేళ చెయ్యి తప్పదు. దారుల లెక్క కూడా అప్పుడే చూడండి. మొదటి నోడ్‌లో ఒక లన్‌కి నాలుగు దారులుండి రెండో నోడ్‌లో రెండే ఉంటే, ఒక ఫ్యాబ్రిక్‌లో జోనింగ్ మర్చిపోయారని అర్థం. ఒక్కటే ఉంటే ఇంకా చిక్కు. రెల్‌లో ఉండే డిఫాల్ట్ సెట్టింగ్ ప్రకారం ఒక్క దారి మాత్రమే ఉన్న కొత్త డిస్కుకు మల్టీపాత్ డివైసే తయారుకాకపోవచ్చు. ఇవన్నీ విండోకి వారం ముందే తేలాలి. శనివారం రాత్రి శాన్ స్విచ్ మనిషిని నిద్రలేపి జోన్ చేయించుకోవడం ఎవరికీ మంచిది కాదు.

కొత్త డిస్కు ముట్టుకునేముందు ఇంకొకటి చూడాలి. లాజికల్ బ్లాక్ సైజు. పాత లన్ 512 బైట్లది, కొత్తది 4096 బైట్లది అయితే, 512 లెక్కన తయారైన ఎక్స్‌ఎఫ్‌ఎస్ అటు వెళ్లాక మౌంట్ కాకుండా మొరాయించవచ్చు. ఇప్పటి ఎల్‌వీఎం ఈ రెండు రకాల్ని ఒకే గ్రూప్‌లో కలపడానికి తనంతట తానే ఒప్పుకోదు, ఎర్రర్ ఇచ్చి ఆపుతుంది. దాన్ని దాటించే సెట్టింగ్ ఒకటి ఎల్‌వీఎం కాన్ఫ్‌లో ఉంది. దాని జోలికి పోవద్దు. బ్లాక్‌డెవ్‌కి గెట్‌ఎస్‌ఎస్ ఇచ్చి ముందే చూసుకుని, తేడా ఉంటే లన్‌ని మళ్లీ 512తో ఇమ్మని అడగడమే సుఖం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. రెల్ 9లో ఎల్‌వీఎం, కనబడిన ప్రతి డిస్కునూ వాడేసుకోదు. ఎట్సీ, ఎల్‌వీఎం, డివైసెస్ డైరెక్టరీలో సిస్టమ్ డాట్ డివైసెస్ అనే ఫైల్ ఉంటుంది. అందులో పేరున్న డిస్కుల్ని మాత్రమే చూస్తుంది. మొదటి నోడ్ మీద పీవీక్రియేట్, వీజీఎక్స్‌టెండ్ కొట్టినప్పుడు ఆ నోడ్‌లోని ఫైల్‌లో కొత్త డిస్కు వరస దానంతటదే చేరిపోతుంది. రెండో నోడ్‌లోని ఫైల్‌కి ఈ సంగతి ఎవరూ చెప్పరు. పేస్‌మేకర్ చెప్పదు, ఎల్‌వీఎం చెప్పదు. డిస్కు అక్కడ మల్టీపాత్‌లో నిక్షేపంగా కనబడుతూనే ఉంటుంది. ఎల్‌ఎస్‌బీఎల్‌కే చూపిస్తుంది. ఎల్‌వీఎంకి మాత్రం అది లేనట్టే. పెళ్లికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డ చుట్టం పేరు పిలుపుల జాబితాలో లేనట్టు.

ఫెయిలోవర్ వేళ జరిగేదేమిటంటే, రెండో నోడ్ గ్రూప్‌ను తీసుకోబోతుంది, ఫలానా యూయూఐడీ ఉన్న డివైస్ దొరకలేదంటుంది, గ్రూప్ సగమే ఉందని యాక్టివేషన్ ఆపేస్తుంది. స్టార్ట్ ఫెయిలైతే పేస్‌మేకర్ డిఫాల్ట్‌గా ఆ నోడ్‌ని ఆ రిసోర్స్‌కి పనికిరానిదిగా లెక్కేస్తుంది. మొదటి నోడ్ అప్పటికే పడిపోయి ఉంటుంది. ఇక సర్వీస్ ఎక్కడా లేవదు.

దీనికి మందు చిన్నదే. రెండో నోడ్ మీద ఎల్‌వీఎండివైసెస్ కమాండ్‌ను యాడ్‌డెవ్ ఆప్షన్‌తో ప్రతి కొత్త డిస్కుకూ కొట్టడం. కొట్టాక రుజువు చూడాలి. రెండో నోడ్‌లో మామూలుగా వీజీఎస్ కొడితే ఆ గ్రూప్ కనబడదు, ఎందుకంటే సిస్టమ్ ఐడీ పక్క నోడ్‌ది. ఇది చూసి కంగారు పడనక్కర్లేదు. ఫారిన్ అనే ఆప్షన్‌తో పీవీఎస్ కొట్టండి. పాత, కొత్త డిస్కులన్నీ పేర్లతో సహా వరసగా కనబడాలి. ఎక్కడైనా డివైస్ పేరు బదులు అన్‌నోన్ అని వచ్చిందంటే అక్కడితో పని ఆపేయండి. నేనైతే ఇంకొంచెం దూరం వెళ్తాను: రెండు నోడ్ల మీదా కొత్త లన్ మొదటి ఒక ఎంబీని డీడీతో, డైరెక్ట్ ఫ్లాగ్ పెట్టి, చదివి షా256సమ్‌కి ఇస్తాను. రెండు చోట్లా అదే అంకె వస్తే, ఒకే డిస్కును చూస్తున్నాయన్నమాట. డీడీలో ఐఎఫ్ మాత్రమే ఉండాలని, ఓఎఫ్ అక్షరాలు ఆ లైన్‌లో ఎక్కడా ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. అయినా చెప్తున్నాను.

ఈ పరీక్ష కాపీ మొదలుపెట్టడానికి ముందే ఎందుకంటే, పీవీమూవ్ మధ్యలో ఉండగా మొదటి నోడ్ పడిపోయిందనుకోండి. వాల్యూమ్‌లో కొంత భాగం కొత్త లన్ మీద, కొంత పాతదాని మీద ఉంటుంది. రెండో నోడ్‌కి రెండూ కనబడితే గ్రూప్‌ను తీసుకుని, పని ఆగిన చోటి నుంచి కొనసాగించగలదు. కొత్తది కనబడకపోతే మాత్రం, ముందు వాల్యూమ్ అంతా పాత డిస్కు మీదే ఉన్నప్పుడు నిక్షేపంగా అయ్యే ఫెయిలోవర్ ఇప్పుడు కాదు. అంటే వీజీఎక్స్‌టెండ్ కొట్టిన క్షణం నుంచే రెండో నోడ్ పరీక్షలో ఉన్నట్టు.

ఫెన్సింగ్‌ని కూడా ఇక్కడే కలపాలి. మీ క్లస్టర్ స్కజీ రిజర్వేషన్లతో ఫెన్స్ చేసేదైతే, ఫెన్స్ ఏజెంట్‌కి ఇచ్చిన డివైస్ జాబితాలో పాత లన్లే ఉంటాయి. కొత్త లన్ల మీద ఏ నోడ్ కీ రిజిస్టర్ అయి ఉండదు. బయటికి అంతా బాగానే ఉన్నట్టుంటుంది, కానీ క్లస్టర్ ఒక నోడ్‌ను వెలేసినా, ఆ నోడ్ కొత్త డిస్కు మీద రాసుకుంటూ పోగలదు. రెండు నోడ్లు ఒక ఎక్స్‌ఎఫ్‌ఎస్ మీద రాస్తే మిగిలేది బ్యాకప్ టేపే. పీసీఎస్‌లో ఈ జాబితాను రిసోర్సులన్నీ రీస్టార్ట్ కాకుండా మార్చడానికి స్టోనిత్ కింద అప్‌డేట్ స్కజీ డివైసెస్ అనే ప్రత్యేక కమాండ్ ఉంది. మామూలు అప్‌డేట్ వాడితే రిసోర్సులు ఆగి లేవవచ్చు. మార్చాక ఎస్‌జీ పర్సిస్ట్‌తో కీలు చదివి, రెండు నోడ్ల కీలూ కొత్త లన్ మీద ఉన్నాయని చూడండి. ఎస్‌బీడీ వాడేవాళ్లకైతే దానికంటూ ఒక చిన్న లన్ వేరేగా ఉంటుంది. డేటా లన్ల జాబితాలో అది కనబడదు, అందుకే మర్చిపోతారు. సిస్‌కాన్ఫిగ్‌లోని ఎస్‌బీడీ ఫైల్ రెండు నోడ్లలోనూ తెరిచి చూడండి. దాన్ని మార్చాలంటే క్లస్టర్ సర్వీస్ ఆపి లేపాల్సి ఉంటుంది కాబట్టి విండోలో దానికి వేరే సమయం అడగాలి.

ఇక కాపీ. ఇందులో ఒక నిర్ణయం మీరే తీసుకోవాలి: పీవీమూవా, లేక మిర్రరా. ఎక్కువమంది అలవాటుగా పీవీమూవ్ కొట్టేస్తారు. అది ఒక వైపు దారి. ఒక్కో భాగం కాపీ అవగానే అసలు డేటా కొత్త డిస్కుదే అవుతుంది, పాతదాని మీద ఉన్నది అక్కడితో పాతబడిపోతుంది. అంటే తెల్లారి కొత్త బాక్స్‌లో రెస్పాన్స్ బాగోలేదంటే "పాతదానికి వెళ్లిపోదాం" అనడానికి కుదరదు, మళ్లీ పీవీమూవ్ వెనక్కి చేయాలి. చేంజ్ ఫారంలో బ్యాక్‌అవుట్ ప్లాన్ అన్న గడిలో "పాత లన్లకు తిరిగి వెళ్తాం" అని రాసేవాళ్లు ఈ సంగతి ఆలోచించి రాయాలి. పీవీమూవ్‌ను మధ్యలో అబార్ట్ చేసినా, అటామిక్ ఆప్షన్ లేకుండా మొదలుపెట్టి ఉంటే, అప్పటికే అటు వెళ్లిన భాగాలు అటే ఉంటాయి.

మిర్రర్ పద్ధతిలో ఎల్‌వీకన్వర్ట్‌తో వాల్యూమ్‌ను రెయిడ్1గా మార్చి, రెండో కాపీ కొత్త లన్ మీద పెట్టమంటాం. సింక్ పూర్తయ్యాక రెండు బాక్సుల మీదా ఒకే డేటా ఉంటుంది, రాసేవి రెండింటికీ వెళ్తాయి. రెండు రోజులు అలా నడిపి, సరే అనుకున్నాక పాత వైపును తీసేయొచ్చు. కావాలంటే స్ప్లిట్‌మిర్రర్స్ ఆప్షన్‌తో పాత కాపీని ఆ క్షణం నాటి స్థితిలో వేరే పేరుతో విడదీసి దాచుకోవచ్చు. చిక్కేమిటంటే, ప్రతి వైపునా మెటాడేటా కోసం కొంచెం ఖాళీ ఉండాలి. పాత లన్ ఆఖరి ఎక్స్‌టెంట్ దాకా నిండి ఉంటే ముందు అక్కడ చోటు చేయాలి. పైగా రెండిట్లో నెమ్మదైన బాక్స్ వేగంతోనే రాతలు నడుస్తాయి. డేటాబేస్ లాంటి వాటికి, వెనక్కి రావాల్సిన అవసరం పడొచ్చనుకున్న చోట, నా ఓటు మిర్రర్‌కే. ఫైల్ షేర్లకీ, లాగ్ వాల్యూములకీ పీవీమూవ్ చాలు.

ఏ పద్ధతైనా సమయం లెక్క ముందే వేసుకోండి. సెకనుకు 200 ఎంబీ చొప్పున కదిలితే 2 టీబీకి దాదాపు మూడు గంటలు. విండో రెండు గంటలే ఇస్తే, కాపీని విండో బయటే, లోడ్ తక్కువున్న వేళ నడిపి, ఫెయిలోవర్ పరీక్షని మాత్రం విండోలో పెట్టుకోవడం తెలివైన పని. టీమక్స్ లోపల మొదలుపెట్టండి, వీపీఎన్ తెగిపోయినా తిరిగొచ్చి చూసుకోవచ్చు. గ్రూప్ మొత్తాన్ని ఒకేసారి తోసేయకుండా ఒక్కో ఎల్‌వీ పేరిచ్చి కదిలిస్తే ఎక్కడ ఆగినా ఎక్కడున్నామో తెలుస్తుంది. స్ట్రైప్ చేసిన ఎల్‌వీలుంటే పాతవి ఎన్ని లన్లో కొత్తవీ అన్ని అడగండి. "అన్నీ కలిపి ఒకే పెద్ద లన్ ఇస్తాం, మీకూ సులువు" అనే మాట స్టోరేజ్ వైపు నుంచి వస్తుంది. వాళ్లకే సులువు.

కాపీ నడుస్తున్నంతసేపూ డిస్కు రెస్పాన్స్ మందగిస్తుంది. డేటాబేస్‌ని క్వెరీ కొట్టి చూసే మానిటర్ ఆపరేషన్ టైమవుట్ అయితే, పేస్‌మేకర్ సర్వీస్ చచ్చిపోయిందనుకుని ఫెయిలోవర్ మొదలుపెడుతుంది. దీన్ని తప్పించడానికి కొందరు క్లస్టర్ మొత్తాన్ని మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టేస్తారు. ఆ మోడ్‌లో ఉండగా నోడ్ నిజంగానే పడిపోతే సర్వీస్‌ను పక్కకు తీసుకెళ్లే దిక్కుండదు, పైగా పనయ్యాక ఆ మోడ్ తీయడం మర్చిపోయి వెళ్లిపోయే రకం ప్రతి టీమ్‌లో ఒకరుంటారు. మూడు గంటల కాపీకి టైమవుట్‌లు పెంచడమే నయమని నా అభిప్రాయం. మెయింటెనెన్స్ మోడ్ పదినిమిషాల పనులకి.

కొత్త బాక్స్‌లో లన్ థిన్ ప్రొవిజన్‌డ్ అయితే స్టోరేజ్ టీమ్‌కి ముందే ఒక మాట చెప్పండి. పీవీమూవ్‌కి ఫైల్ సిస్టమ్‌లో ఎంత ఖాళీ ఉందో తెలియదు. ఎల్‌వీకి కేటాయించిన ప్రతి బ్లాకునూ మోసుకెళ్తుంది. అందువల్ల సగం ఖాళీగా ఉన్న 2 టీబీ వాల్యూమ్ అటువైపు మొత్తం 2 టీబీ తిని కూర్చునే అవకాశం ఉంది. పూల్ నిండితే మీ ఒక్క క్లస్టరే కాదు, ఆ పూల్ మీదున్న అందరూ పడతారు. కాపీ అయ్యాక ఎఫ్‌ఎస్‌ట్రిమ్ కొడితే ఖాళీ చోటు చాలావరకు తిరిగి వస్తుంది, కానీ అప్పటిదాకా పూల్‌లో చోటుండాలి.

కాపీ అయ్యింది, ఎల్‌వీఎస్‌లో డివైసెస్ వరస చూస్తే అన్నీ కొత్త డిస్కుల మీదే ఉన్నాయి. ఇప్పుడు ఫెయిలోవర్ చేయాలి. అప్లికేషన్ వాళ్లు ఒప్పుకోరు. "సర్వీస్ బానే నడుస్తోంది కదండీ, ఇప్పుడెందుకు కదిలించడం?" అంటారు. వాళ్ల కోణంలో అది సబబే. అందుకే ఆ మాట ఇప్పుడు కాదు, చేంజ్ రాసే రోజే అనిపించుకోవాలి. ఫెయిలోవర్, తిరిగి ఫెయిల్‌బ్యాక్, ఈ రెండూ చేంజ్‌లో స్టెప్పులుగా ఉండాలి, వాటికి పట్టే నిమిషాలు కూడా రాసి ఉండాలి. "డౌన్‌టైమ్ లేదు" అని మేనేజర్ కస్టమర్‌కి మాటిచ్చేసి ఉంటే, కాపీకి డౌన్‌టైమ్ లేదనీ, పరీక్షకి కొన్ని నిమిషాలు కావాలనీ విడమర్చి చెప్పండి. అయినా వద్దంటే, పరీక్ష వద్దన్నది ఎవరో టికెట్‌లో వాళ్ల చేతే రాయించండి. పని ఆపాలని కాదు. ఆ గడి నింపాల్సి వచ్చినప్పుడు చాలామంది పది నిమిషాలు ఇవ్వడానికే మొగ్గుతారు.

అమెరికా కస్టమర్లకు ఇక్కడి నుంచి పనిచేసేవాళ్లు టైమ్ విషయంలో ఇంకో చిన్న జాగ్రత్త తీసుకోవాలి. న్యూయార్క్ శనివారం రాత్రి 11 అంటే మనకు ఆదివారం ఉదయం 8:30. అదే నవంబర్ తర్వాత 9:30. టికెట్‌లో రెండు టైములూ రాయండి. స్టోరేజ్ టీమ్ పుణెలోనో, మనీలాలోనో ఉంటే వాళ్లదీ రాయండి. గంట ముందే ఎవరైనా అన్‌మ్యాప్ కొట్టేస్తే ఏమవుతుందో ఇప్పుడు చెప్తాను.

పాతదాన్ని తీయడంలో వరస ముఖ్యం. హోస్ట్ వైపు పనంతా అయ్యాకే బాక్స్ వైపు. మొదట వీజీరెడ్యూస్, పీవీరిమూవ్. తర్వాత రెండు నోడ్ల డివైసెస్ ఫైళ్ల నుంచి పాత డిస్కు పేర్లు తీసేయాలి. తర్వాత రెండు నోడ్ల మీదా మల్టీపాత్ మ్యాప్ ఫ్లష్ చేసి, దాని కింద ఉన్న ఒక్కో ఎస్‌డీ డివైస్‌నూ సిస్ఎఫ్ఎస్‌లో డిలీట్ ఫైల్‌లోకి 1 పంపి తొలగించాలి. కాన్ఫ్ ఫైల్‌లో పాత ఎలియాస్‌లు కూడా తీసేయాలి. ఇదంతా రెండు నోడ్లలో అయ్యాకే, డబ్ల్యూడబ్ల్యూఐడీల జాబితా రాసి, "ఇక అన్‌మ్యాప్ చేయొచ్చు" అని స్టోరేజ్ టీమ్‌కి చెప్పాలి.

ఈ వరస తిరగబడితే, అంటే ముందు వాళ్లు అన్‌మ్యాప్ చేసేస్తే, ఆ మ్యాప్‌కి దారులన్నీ పోతాయి. మల్టీపాత్‌లో దారి లేనప్పుడు క్యూలో ఉంచమని సెట్టింగ్ ఉంటే, ఆ డిస్కుని తాకిన ప్రతి ప్రాసెస్ డీ స్టేట్‌లోకి వెళ్లి అక్కడే ఉండిపోతుంది. కిల్ డ్యాష్ 9కి కూడా లొంగదు. లోడ్ యావరేజ్ పెరుగుతూ పోతుంది, సీపీయూ మాత్రం ఖాళీగా ఉంటుంది. వీజీఎస్ కొట్టినా హ్యాంగ్, దాంతో రిసోర్స్ మానిటర్ కూడా టైమవుట్ కావచ్చు. ఎవరూ వాడని పాత డిస్కు తీస్తే, వాడుతున్న సర్వీస్ ఫెయిలోవర్ అయ్యే వింత అలా జరుగుతుంది. ఇప్పటికే అందులో ఇరుక్కుంటే, మల్టీపాత్‌డీకి డిసేబుల్ క్యూయింగ్ మ్యాప్ అన్న ఆదేశమిచ్చి ఆ మ్యాప్‌కి క్యూ ఆపండి. ఆగిన ఐఓ అంతా ఎర్రర్‌తో బయటికి వస్తుంది, ఆ తర్వాత మ్యాప్ తీసేయొచ్చు.

ఇంకా ఘోరమైనది ఇంకొకటుంది. పాత లన్ తీసేసిన అదే నంబర్‌లో స్టోరేజ్ టీమ్ వేరే లన్ మ్యాప్ చేయడం. హోస్ట్ వైపు పాత ఎస్‌డీ డివైస్ ఇంకా బతికి ఉంటే, ఆ పేరు ఇప్పుడు కొత్త లన్‌ని చూపిస్తుంది. ఈ టార్గెట్‌లో లన్ కేటాయింపులు మారాయి, లినక్స్ వాటిని తనంతట తాను సరిచేయదు అని కెర్నెల్ లాగ్‌లో ఒక హెచ్చరిక వస్తుంది. ఆ లైన్ డీమెసేజ్‌లో కనబడితే దాన్ని చిన్న విషయంగా తీసుకోవద్దు.

ముందు చెప్పిన మిగతా రెండు రకాల సంగతి క్లుప్తంగా. జీఎఫ్‌ఎస్2 లాగా ఒకే ఎల్‌వీ రెండు మూడు నోడ్ల మీద షేర్డ్ లాక్‌తో యాక్టివ్‌గా ఉంటే, దాని కింద పీవీమూవ్ నడవదు. అన్ని నోడ్లలో ఆపి, ఒక నోడ్‌లో ఎక్స్‌క్లూజివ్‌గా యాక్టివేట్ చేసి, ఎల్‌వీ పేరిచ్చి కదిలించాలి. అంటే డౌన్‌టైమ్ తప్పదు, ముందే చెప్పేయడం మంచిది. ఆరకిల్ ఏఎస్‌ఎంలో పని మరింత సాఫీగా సాగుతుంది. ఒకే ఆదేశంలో కొత్త డిస్కుల్ని చేర్చి పాతవాటిని డ్రాప్ చేస్తే రీబ్యాలెన్స్ ఒక్కసారే అవుతుంది. పాతవి ఫార్మర్ అని చూపించేదాకా లన్ల మీద చెయ్యి వేయకూడదు. మనం ఇందాకటి నుంచి చెప్పుకుంటున్న రెండో నోడ్ పరీక్షని ఏఎస్‌ఎం తనంతట తానే చేస్తుంది. పక్క నోడ్‌కి డిస్కు కనబడకపోయినా, దాని ఓనర్‌షిప్ యూడెవ్ రూల్‌లో సరిగా లేకపోయినా, డిస్కు క్లస్టర్ అంతటా కనబడటం లేదంటూ ఓఆర్‌ఏ 15075 ఎర్రర్‌తో చేర్చుకోవడానికే ఒప్పుకోదు. ఎల్‌వీఎంలో ఆ కాపలా మనమే కాయాలి.

ఉద్యోగం మారే ప్రయత్నంలో ఉన్నవాళ్లకి ఒక పక్క మాట. ఇంటర్వ్యూలో స్టోరేజ్ మైగ్రేషన్ గురించి అడిగితే దాదాపు అందరూ పీవీమూవ్ దగ్గర మొదలుపెట్టి వీజీరెడ్యూస్ దగ్గర ఆపేస్తారు. డివైసెస్ ఫైల్, ఫెన్స్ జాబితా, అన్‌మ్యాప్ వరస, వీటిలో ఒక్కటి ప్రస్తావించినా ఎదుటివాళ్లకి మీరు క్లస్టర్ మీద నిజంగా చెయ్యి పెట్టారని తెలిసిపోతుంది.

అన్‌మ్యాప్ అయ్యాక లన్లను ఆ రోజే డిలీట్ చేయొద్దని అడగండి. వారం పాటు బాక్స్‌లో అలాగే ఉంచమనండి. ఆ వారంలో క్రాన్ స్క్రిప్టుల్లోనో, బ్యాకప్ కాన్ఫిగరేషన్‌లోనో, మానిటరింగ్‌లోనో పాత డివైస్ పేరు నేరుగా రాసినవి ఏవైనా ఉంటే బయటపడతాయి. గ్రెప్ కొట్టి ముందే వెతికినా ఒకటో రెండో మిగులుతూనే ఉంటాయి. చివరగా, బాక్స్ లీజుది అయితే అది తిరిగి వెళ్లిపోతుంది. పీవీరిమూవ్ చెరిపేది ఎల్‌వీఎం లేబుల్‌ని మాత్రమే, కస్టమర్ డేటా ఆ డిస్కుల మీద ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. డేటా తుడిచి సర్టిఫికెట్ తెప్పించే బాధ్యత స్టోరేజ్ టీమ్‌దా, వెండర్‌దా అన్నది అడిగి, వాళ్ల జవాబు టికెట్‌లో పెట్టాకే క్లోజ్ నొక్కండి.